వడ్డీ మహాపాపం అన్న చర్చి నీడలోనే ఇటలీ బ్యాంకులు ఎలా బతికాయి?

గోదారిగట్టు
1179లో చర్చి పెద్దలంతా కూడిన మూడో లాటరన్ మహాసభ బాహాటంగా వడ్డీవ్యాపారం చేసేవాళ్ళకి సత్ప్రసాదం ఇవ్వకూడదంది. వాళ్ళ కానుకలు తీసుకోకూడదంది. ఆ పాపంలోనే చనిపోతే క్రైస్తవ ఖననం కూడా లేదంది. 15వ శతాబ్దానికి వచ్చేసరికి ఫ్లోరెన్సుకి చెందిన మెదిచీ కుటుంబం పోపులకే బ్యాంకర్లు. ఇంతకీ ఆ నిషేధం ఎవరికి? 13వ శతాబ్దపు క్రైస్తవ వేదాంతి అక్వినాస్ వాదన కూడా "డబ్బు డబ్బుని కనదు" అన్న అరిస్టాటిల్ మాటని మళ్ళీ చెప్పినట్టే ఉంది. నాకైతే ఇది పేదవాడికో నీతి, షావుకారుకో నీతిలా కనిపిస్తోంది. సిద్ధాంతం ఏమిటి, ఆచరణ ఏమిటి, తెలిసినవాళ్ళు విడదీసి చెప్పండి.

పాతపుస్తకం
నిషేధం లాభమంతటి మీదా కాదు, ఒక రకం ఒప్పందం మీద. రోమన్ చట్టంలో దాన్ని మ్యూటుయుమ్ అంటారు. డబ్బో, గింజలో, ద్రాక్షారసమో ఇస్తాం. పుచ్చుకున్నవాడు వాడేసుకుంటాడు. గడువు వచ్చాక అదే వస్తువు కాకుండా అంతే పరిమాణం తిరిగిస్తాడు. ఇల్లు అద్దెకివ్వడం, పొలం కౌలుకివ్వడం దీంట్లోకి రావు. వాటిని తప్పన్నవాళ్ళు ఎవరూ లేరు.

అక్వినాస్ అసలు వాదన ఆయన పెద్ద గ్రంథం సుమ్మాలో రెండో భాగపు రెండో సగం, 78వ ప్రశ్నలో ఉంది. ఇంట్లో ఉన్నా ఇల్లు మిగులుతుంది, కాబట్టి ఇంటిని మన దగ్గరే ఉంచుకుని దాని వాడకాన్ని విడిగా అమ్మొచ్చు. ద్రాక్షారసం తాగితే మిగలదు. దాన్ని వాడుకోవడమంటే అయిపోగొట్టడమే. ద్రాక్షారసం తిరిగిమ్మని అడుగుతూ, తాగినందుకు ఇంకొంత ఇమ్మంటే ఒకే సరుకుని రెండుసార్లు అమ్మినట్టు. డబ్బుకి వాడకమంటే ఖర్చవడమే కాబట్టి దానికీ ఇదే లెక్క. అరిస్టాటిల్‌ని ఆయన ప్రస్తావిస్తాడు, కానీ బరువంతా దీని మీదే పెట్టాడు.

ఆ వ్యాసం చివర్న ఇంకో మాట ఉంది. నాణేలని ఖర్చుకి కాకుండా నలుగురికీ చూపించుకోడానికో, తాకట్టు పెట్టుకోడానికో ఇస్తే దానికి రుసుము తీసుకోవచ్చు. ఎందుకంటే అక్కడ ఇచ్చిన నాణేలే తిరిగొస్తాయి. అంటే సూత్రాన్ని చివరిదాకా పట్టుకునే నడిచాడాయన.

లెక్కలమాస్టారు
మొదటి నిషేధం మామూలు జనానికి కాదు, గురువులకి (అంటే చర్చి ఫాదర్లకి). 325 నాటి నికేయా మహాసభ 17వ నియమం, వడ్డీ తీసుకున్న గురువుని పదవి నుంచి దింపెయ్యమంది. అందులో చెప్పిన రేటు నెలకి నూరోవంతు. అంటే అచ్చంగా మన రూపాయి వడ్డీ, ఏడాదికి 12 శాతం. అందరికీ కలిపి శిక్షలు బిగిసింది 12వ శతాబ్దం నుంచి: 1139 రెండో లాటరన్, 1179 మూడో లాటరన్, 1274 రెండో లియోన్, 1311–12 వియెన్.

నల్లమల
వియెన్‌ది తక్కువ సంగతి కాదు. అప్పటిదాకా వడ్డీ తీసుకోవడమే పాపం. వియెన్ తర్వాత "వడ్డీ పాపం కాదు" అని మొండిగా వాదించడం కూడా మతద్రోహమే. వడ్డీని అనుమతించే పట్టణ చట్టాలు రాసిన అధికారులకి వెలివేత. ఉన్న చట్టాలు తీసెయ్యడానికి 3 నెలల గడువు. అప్పులిచ్చేవాళ్ళ ఖాతా పుస్తకాలు తెప్పించి చూడమని కూడా ఉంది. ఇంత రాశాక బ్యాంకులు బతికాయంటే దారులు ఎక్కడో ఉండాలి. ఆ దారుల గురించి చెప్పండి, సూత్రం అర్థమైంది.

తాళపత్రం
దారులకి ముందు ఒక అడ్డం సంగతి. అరువు మీద అమ్మి ధర పెంచితే? జెనోవా ఆర్చిబిషప్పుకి మూడో అలెగ్జాండరు పోపు (1159–1181) రాసిన జవాబు చర్చి చట్టాల్లోకి ఎక్కింది. మిరియాలో దాల్చినచెక్కో, రొక్కానికైతే 5 పౌన్లకి మించని సరుకు. కొన్నవాడు గడువుకి 6 పౌన్లు ఇస్తానన్నాడు. పోపు తీర్పు: రూపంలో ఇది అప్పు కాదు గానీ అమ్మినవాడికి పాపం అంటుతుంది. ఒక్క మినహాయింపు, గడువునాటికి సరుకు ధర పెరుగుతుందో తగ్గుతుందో నిజంగా అనుమానం ఉంటే సరే.

ఈ "నిజంగా అనుమానం" అన్న మాట గుర్తుంచుకోండి. తర్వాత కొన్ని శతాబ్దాలు వ్యాపారులు నిలబడింది దాని మీదే. (ఆ మిరియాలు మాత్రం మన మలబారు వైపు నుంచి వెళ్ళినవే!)

కృష్ణాతీరం
కాలాన్ని అమ్ముకుంటున్నాడన్న వాదన ఎక్కడ పుట్టింది మరి?

పాతపుస్తకం
13వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులోని ఒసేర్‌కి చెందిన విలియం అనే వేదాంతి దాన్ని బలంగా వాడాడు. కాలం సృష్టిలో అందరిదీ, దాన్ని ఒకడు తనదిగా అమ్మకూడదని. వినడానికి బాగుంటుంది గానీ వాదనగా బలహీనం. పొలం కౌలు కూడా కాలాన్ని బట్టే కదా. అక్వినాస్ దాన్ని తన ప్రధాన వాదనగా తీసుకోకపోవడం మంచిదే అంటాను.

శాస్త్రచర్చ
నల్లమల గారడిగిన దారులు. మొదటిది నష్టపరిహారం. నీకు అప్పిచ్చినందువల్ల నాకు చేతిసొమ్ము పోతే (నేనే ఇంకోచోట అప్పు చెయ్యాల్సి వచ్చిందనుకోండి) ఆ నష్టాన్ని ఒప్పందంలో రాసుకోవచ్చని అక్వినాస్ 78వ ప్రశ్న రెండో వ్యాసంలోనే ఒప్పుకున్నాడు. పోయిన లాభానికి మాత్రం ఒప్పుకోలేదు. చేతికి రానిదాన్ని, రాకుండా పోయే అవకాశం ఉన్నదాన్ని ఎలా అమ్ముతావంటాడు.

ఆ రెండోదానికి అతని కాలంలోనే హోస్టియెన్సిస్ అనే కార్డినల్ (మరణం 1271) కొంచెం తలుపు తీశాడు: రోజూ ఆ డబ్బుతో వ్యాపారం చేసే వర్తకుడు, వడ్డీ ఆశతో కాకుండా కనికరంతో అప్పిస్తే, పోయిన లాభం అడగొచ్చని. తర్వాత ఫ్రాన్సిస్కన్ అనే సన్యాసి సంఘానికి చెందిన పీటర్ ఒలివి (మరణం 1298) ఇంకా ముందుకెళ్ళాడు. వ్యాపారంలో పెట్టడానికి సిద్ధం చేసుకున్న డబ్బు ఉత్త డబ్బు కాదు, లాభానికి విత్తనం లాంటి గుణం దాన్లో ఉందన్నాడు. ఒలివి మీద అనుమానాలుండేవి కాబట్టి, 15వ శతాబ్దంలో సియెనా బెర్నర్దీనో ఆ భాగాల్ని అతని పేరెత్తకుండా తన ప్రసంగాల్లో వాడుకున్నాడు.

నల్లమల
అంటే "కనదు" అన్న డబ్బుకి ఒలివి విత్తనం పెట్టేశాడన్నమాట. ఇది మినహాయింపా, సిద్ధాంతం మారడమా?

శాస్త్రచర్చ
మినహాయింపే. డబ్బు వాడకానికి వెల కట్టట్లేదు, ఇచ్చినవాడి నష్టానికి వెల కడుతున్నాడు. ఇంట్లో పెట్టెలో పడున్న సొమ్ముకి ఇది వర్తించదు. నష్టాన్ని నిరూపించాలి.

లెక్కలమాస్టారు
నాకు ముఖ్యమైన దారి హుండీ, అంటే ఒక ఊళ్ళో డబ్బు తీసుకుని ఇంకో ఊళ్ళో చెల్లించేలా రాసిచ్చే చీటీ. మెదిచీలు ఎలా బతికారన్నదానికి సగం జవాబు అక్కడే ఉంది. ఊహాలెక్క ఒకటి వేస్తాను, అంకెలు ఉదాహరణకి మాత్రమే.

వెనిస్‌లో మీకు 1000 డ్యూకట్లిస్తాను (అక్కడి బంగారు నాణేలు). మీరు డబ్బు వెనిస్‌లో తిరిగివ్వరు. డ్యూకట్‌కి 44 పెన్నీల చొప్పున లండన్‌లో నా ఏజెంటుకి చెల్లించేలా చీటీ రాసిస్తారు, గడువు ఆ దారికి ఆచారంగా ఉన్న 3 నెలలు. లండన్‌లో నావాడికి 44,000 పెన్నీలు వస్తాయి. వాటితో అతను వెనిస్‌లో చెల్లే ఇంకో చీటీ కొంటాడు. లండన్‌లో ఆవేళ ధర డ్యూకట్‌కి 41 పెన్నీలు. 44,000ని 41తో భాగిస్తే 1073 డ్యూకట్లు. మొత్తం 6 నెలల్లో 73 డ్యూకట్లు, ఏడాది లెక్కన 14 శాతం పైన. డ్యూకట్ ధర మామూలుగా వెనిస్‌లో ఎక్కువ, లండన్‌లో తక్కువ ఉండేది కాబట్టే ఇది నడిచింది.

కానీ ఆవేళ లండన్‌లో ధర 45 అయితే? వచ్చేది 978. అంటే 22 పోయినట్టు. ఈ నష్టానికి చోటుంది కాబట్టే ఇది అప్పు కాదు, రెండు ఊళ్ళ నాణేల మారకం అన్నారు వేదాంతులు. తాళపత్రం గారి "నిజంగా అనుమానం" ఇదే.

తప్పు జరిగేది ఎక్కడంటే, తిరుగు చీటీ ధరని వెనిస్‌లోనే ముందే ఖాయం చేసుకుంటే. లండన్‌కి కాగితం వెళ్ళేదే లేదు, మారకం పుస్తకంలోనే. దాన్ని ఎండు మారకం అన్నారు. 1571లో అయిదో పియుస్ పోపు దాన్ని నేరుగా ఖండించాడు.

గోదారిగట్టు
లెక్క చాలా స్పష్టంగా ఉంది. కానీ చూడండి, దీనికి రెండు ఊళ్ళలో మనుషులు కావాలి, 1000 డ్యూకట్లు కావాలి. దుప్పటి తాకట్టు పెట్టుకుని అప్పిచ్చే చిన్నవాడికి ఏ దారీ లేదు. శిక్ష పడేది వాడికే. నేను మొదట అడిగింది అదే.

వేగుచుక్క
గోదారిగట్టు గారితో ఏకీభవిస్తాను. 1179 నియమంలో ఉన్నది "బాహాటంగా" చేసేవాళ్ళ మాట. బల్ల వేసుకుని తాకట్టు పట్టేవాడు బాహాటం. హుండీ కొనేవాడు వర్తకుడు. ఫ్లోరెన్సు నగరం తాకట్టు వ్యాపారుల నుంచి ఏటా జరిమానా వసూలు చేసేది. జరిమానా కట్టాక ఆ ఏడాది వాళ్ళ జోలికెవరూ రారు. పేరు జరిమానా, పని లైసెన్సు.

1437లో అదే నగరం తాకట్టు వ్యాపారానికి యూదులకి అనుమతిచ్చింది. రేటు నెలకి లీరాకి 4 దెనారి. లీరాకి 240 దెనారి కాబట్టి ఏడాదికి 20 శాతం.

తాళపత్రం
యూదుల మాట వచ్చింది కాబట్టి దీన్ని పక్కన పడెయ్యకూడదు. ఈ సిద్ధాంతం చేసిన అతి పెద్ద హాని ఇక్కడే.

బైబిల్లో ద్వితీయోపదేశకాండం 23:20లో అన్యుడికి వడ్డీకి ఇవ్వొచ్చని ఉంది. అక్వినాస్ దాన్ని అనుమతిగా కాదు, పెద్ద చెడుని ఆపడానికి ఇచ్చిన సడలింపుగా చదివాడు. చర్చి శిక్షలేమో బాప్తిస్మం పొందినవాళ్ళకే వర్తిస్తాయి. భూమి, సంఘాల వృత్తులు యూదులకి చాలాచోట్ల మూసేశారు. తెరిచి ఉంచింది ఈ ఒక్క తలుపు. 1215లో నాలుగో లాటరన్ మహాసభ 67వ నియమం యూదులు "భారమైన, మితిమీరిన" వడ్డీ తీసుకోకూడదంది. అంటే మితంగా తీసుకుంటే ఏమిటన్నది చట్టపండితుల వాదనకి వదిలేసింది.

రాజులు ఆ వడ్డీ మీద పన్ను పిండుకున్నారు. అప్పులవాళ్ళ కోపం మాత్రం యూదుల మీద పడింది. 1190లో ఇంగ్లండులోని యార్క్‌లో యూదుల్ని చంపిన గుంపు, నేరుగా కెథెడ్రల్‌కి వెళ్ళి అక్కడ దాచిన అప్పు పత్రాల్ని తగలబెట్టింది. ఆ పని చూస్తే భక్తి ఎంతో, బాకీ ఎంతో తెలుస్తుంది. ఇంగ్లండులో 1275 చట్టం యూదుల వడ్డీని నిషేధించింది. బతకడానికి వేరే దారి పెద్దగా చూపించలేదు. 1290లో దేశం నుంచే వెళ్ళగొట్టారు. 1306లో ఫ్రాన్సులో అదే జరిగింది.

పాతపుస్తకం
దీనికి అక్వినాస్ రాసిన ఉత్తరం ఒకటి చేర్చాలి. బ్రబాంత్ దొరసాని యూదుల దగ్గర పన్ను తీసుకోవచ్చా అని అడిగితే ఇచ్చిన జవాబు. వడ్డీగా వచ్చిన సొమ్ము వాళ్ళది కాదు కాబట్టి నువ్వు తీసుకున్నా అది నీదీ కాదు, ఎవరి దగ్గర గుంజారో వాళ్ళకి చేర్చాలి అన్నాడు. ఇటలీలో కొన్నిచోట్ల చేస్తున్నట్టు వాళ్ళకి కష్టపడి బతికే పని చూపించడం పాలకుల బాధ్యత అని కూడా అన్నాడు. పాలకుల వాటాని పాపంగా గుర్తించాడు. కానీ అదే ఉత్తరంలో యూదులు తమ అపరాధం వల్ల నిత్యదాస్యానికి అర్హులన్న నాటి చట్టభాషని ప్రశ్నించకుండా వాడాడు. ఆ భాగాన్ని సమర్థించడానికి నా దగ్గర మాటల్లేవు.

కృష్ణాతీరం
సిద్ధాంతం మంచిదే, ఆచరణ చెడిందంటారా?

తాళపత్రం
అనను. "మనవాడికి తప్పు, బయటివాడికి సడలింపు" అన్నది సిద్ధాంతంలోనే ఉంది. యుద్ధహక్కు ఉన్నచోట వడ్డీహక్కు కూడా ఉందన్న పాతకాలపు బిషప్పు అంబ్రోసు మాటని చర్చి చట్టపండితుడు గ్రేషియన్ 1140 ప్రాంతంలో తన చట్టసంకలనంలో పెట్టాడు. శత్రువుకైతే వడ్డీ వెయ్యొచ్చు అని దాని భావం. వడ్డీని ఆయుధంగా చూసినవాళ్ళు, ఆ ఆయుధం పట్టుకున్నవాడిని శత్రువుగా చూడటానికి ఎంతసేపు పడుతుంది?

నల్లమల
ఇదే 78వ ప్రశ్నలో మొదటి వ్యాసం మూడో జవాబు కూడా చూడండి. మనుషుల చట్టం ప్రతి పాపాన్నీ శిక్షించలేదు, అలా చేస్తే చాలామందికి అందే మేలు ఆగిపోతుంది, అందుకే పాలకులు వడ్డీని సహిస్తారు అంటాడు. వేశ్యావృత్తిని సహించడం గురించి అగస్టీను చెప్పినదాన్ని 10వ ప్రశ్నలో ఎత్తుకున్నదీ ఇదే పద్ధతి. పాపం వేరు, నేరం వేరు. వియెన్ మహాసభ ఆ గీతని చెరిపేసిందని నా అభిప్రాయం.

గోదారిగట్టు
పశ్చాత్తాపపడిన వడ్డీవ్యాపారి ఏం చెయ్యాలి? పాపసంకీర్తనం చేస్తే, అంటే గురువు ముందు పాపం ఒప్పుకుంటే చాలా?

శాస్త్రచర్చ
చాలదు. ఇది దొంగసొమ్ము కిందే లెక్క, కాబట్టి తిరిగివ్వనిదే పాపవిమోచనం లేదు. వరస ఇలా ఉండేది. ఖాతా పుస్తకం తియ్యాలి. అప్పు తీసుకున్నవాడు తెలిస్తే వడ్డీ వాడికే, చనిపోతే వారసులకి. ఎవరో తెలియకపోతే ఆ మొత్తం బిషప్పు ద్వారా పేదలకి. చేతిలో డబ్బు లేకపోతే పూచీ రాసివ్వాలి. 1274 లియోన్ మహాసభ ఇంకా బిగించింది: పూర్తిగా తిరిగిచ్చేదాకా, లేదా తగిన పూచీ ఇచ్చేదాకా సమాధి లేదు, పాపసంకీర్తనం వినకూడదు, వీలునామా చెల్లదు. ఈ చివరిదే వారసుల్ని పరుగెత్తించింది.

వడ్డీగా ఇల్లో పొలమో తీసుకుంటే దాని అద్దె, పంట కూడా లెక్కగట్టి ఇవ్వాలి. వడ్డీ డబ్బుతో వ్యాపారం చేసి సంపాదిస్తే ఆ లాభం ఇవ్వక్కర్లేదు, వడ్డీ మొత్తం చాలు. ఆ లాభం అతని కష్టానికి వచ్చిందంటాడు అక్వినాస్, మూడో వ్యాసంలో.

లెక్కలమాస్టారు
స్వాధీన తనఖాకి కూడా ఇలాంటి లెక్కే. 1163 తూర్ మహాసభ, భూమి తాకట్టు పట్టి పంట తింటున్న గురువులకీ మఠాలకీ చెప్పింది: ఖర్చులు పోను పంట విలువని అసల్లోంచి కొట్టెయ్యాలి, అసలు తీరాక భూమి వదిలెయ్యాలి. ఆ రోజుల్లో మఠాలే పెద్ద అప్పులిచ్చేవి. సొంతవాళ్ళ నోటి దగ్గర కూడు తీసేసిన నియమం అది, దాన్ని గుర్తించాలి.

వేగుచుక్క
తిరిగివ్వడానికి బదులు గుడి కట్టించేవాళ్ళు కూడా ఉన్నారు. పాదువాలో ఎన్రికో స్క్రోవెన్యీ 1300లో స్థలం కొని కట్టించిన ప్రార్థనాలయం, జోట్టో బొమ్మలున్నది, 1305లో ప్రతిష్ఠ అయింది. అతని తండ్రి రెజినాల్దోని కవి దాంతే తన కావ్యంలోని నరకంలో వడ్డీవ్యాపారుల మధ్య కూర్చోబెట్టాడు. ఫ్లోరెన్సులో కోసిమో మెదిచీ తన సొమ్ములో కొంత సక్రమం కాదని మథనపడితే నాలుగో యుజీన్ పోపు సాన్ మార్కో మఠానికి 10,000 ఫ్లోరిన్లు పెట్టమన్నాడని వెస్పసియానో రాసిన జీవితచరిత్రలో ఉంది. అంతకంటే చాలా ఎక్కువే అయింది.

అప్పు తీసుకుని వడ్డీ కట్టిన ఆసామికి వీటిలో ఏం ముట్టింది?

శాస్త్రచర్చ
ఏమీ లేదు. అందుకే కచ్చితమైన గురువులు, తెలిసిన బాకీదారుడు ఉండగా గుడికిచ్చిన కానుక చెల్లదనే చెప్పారు.

కృష్ణాతీరం
చిన్నవాడికి దారి లేదన్నారు కదా. మోన్తే ది పియెతా సంగతి ఎవరూ ఎత్తలేదేం?

పాతపుస్తకం
మంచి మాట. 1462లో పెరూజాలో ఫ్రాన్సిస్కన్లు మొదలుపెట్టిన తాకట్టు నిధి. విరాళాలతో మూలధనం. పేదవాడు వస్తువు తాకట్టు పెట్టి, దాని విలువ కంటే తక్కువ మొత్తం తీసుకుంటాడు, గడువు దాటితే వేలం. రేటు ఊరిని బట్టి మారింది, ఏడాదికి 5 శాతం దగ్గరవి చాలా ఉన్నాయి. మాస్టారి భాషలో నెలకి నూటికి 40 పైసల చిల్లర.

గొడవంతా ఆ 5 మీదే. డొమినికన్లు, అగస్టీనియన్లు ఇది వడ్డీయే అన్నారు. బరియాని అనే అగస్టీనియన్ 1496లో దీన్ని కరుణానిధి కాదు, పాపనిధి అని పుస్తకమే రాశాడు. ఈ నిధుల కోసం ప్రచారం చేసిన ఫెల్త్రే బెర్నర్దీనో (సియెనా ఆయన కాదు, వేరే ఆయన) ఎదురువాదన ఆచరణలోది: ఉచితంగా ఇస్తే గుమాస్తాల జీతాలకీ గోదాము అద్దెకీ మూలధనం హరించుకుపోతుంది, కొన్నాళ్ళకి నిధే ఉండదు. చివరికి 1515 మే 4న అయిదో లాటరన్ మహాసభలో పదో లియో పోపు తేల్చాడు. ఖర్చులకి, నష్టం రాకుండా ఉండటానికి సరిపడా తీసుకుంటే తప్పు లేదు, లాభం మాత్రం ఉండకూడదు.

తాళపత్రం
ఫెల్త్రే బెర్నర్దీనో పేరు చెప్పినప్పుడు మిగతాది కూడా చెప్పాలి. పేదల నిధి కోసం ఊరూరా తిరిగినవాడే, ఊరూరా యూదుల మీద విషం కక్కాడు. 1475లో త్రెంతోలో తపస్సుకాలం (ఈస్టరు ముందు ఉపవాసదినాల) ప్రసంగాలు అతనివే. ఆ ఈస్టరు రోజుల్లోనే సీమోన్ అనే పిల్లవాడి చావుని అక్కడి యూదుల మీద మోపి, చిత్రహింసలు పెట్టి చంపారు. ఆ పిల్లవాడి పేరిట నడిచిన ఆరాధనని చర్చి 1965లో రద్దు చేసింది. 1488లో ఫ్లోరెన్సు అతన్ని ఊళ్ళోంచి పంపేసింది కూడా.

నల్లమల
పేదవాడి మీద అంత ప్రేమ, పక్కవాడి మీద అంత ద్వేషం ఒకే ప్రసంగంలో. అతన్ని చదివేటప్పుడు రెండూ కలిపే చదవాలి.

లెక్కలమాస్టారు
మిగిలిన దారులు రెండు ముక్కల్లో. ఆదాయపు హక్కు కొనడం: పొలం మీద ఏటా ఒక మార్కు వచ్చే హక్కుని 10 నుంచి 14 మార్కులకి కొనుక్కుంటాడు. అంటే 7 నుంచి 10 శాతం. అమ్మినవాడు ఎప్పుడైనా తిరిగి కొనుక్కోవచ్చు, కొన్నవాడు మాత్రం అసలు అడగలేడు. పోపులు 1425లో అయిదో మార్టిన్, 1455లో మూడో కలిక్స్టస్ ఒప్పుకున్నారు.

రెండోది మూడు ఒప్పందాల ముడి: పొత్తులో డబ్బు పెట్టడం, అసలు పోకుండా అదే భాగస్వామి దగ్గర భీమా తీసుకోవడం, వచ్చేదో రానిదో తెలియని లాభాన్ని ఖాయమైన 5 శాతానికి అతనికే అమ్మెయ్యడం. విడివిడిగా మూడూ న్యాయమే. కలిపితే అప్పు. 1515లో జర్మన్ వేదాంతి యోహాన్ ఎక్ బొలోన్యాలో దీన్ని సమర్థించి వాదించాడు, వెనక ఫుగ్గర్లనే జర్మన్ బ్యాంకర్ల కుటుంబం బలం ఉంది. 1586లో అయిదో సిక్స్టస్ పోపు కాదన్నాడు. అయినా వాడకం ఆగలేదు.

గోదారిగట్టు
ఇంత విన్నాక నా అభిప్రాయం కొంత సర్దుకుంది. సూత్రంలో తర్కం ఉంది, ఒప్పుకుంటున్నాను. దారులన్నీ డబ్బున్నవాడి వైపే తెరుచుకున్నాయన్నది మాత్రం వదులుకోను. ఇంతకీ ఇది ఎప్పుడు రద్దయింది?

శాస్త్రచర్చ
రద్దు చెయ్యలేదు. 1745లో పద్నాలుగో బెనెడిక్టు పోపు అదే సిద్ధాంతాన్ని మళ్ళీ చెప్పి, అప్పుకి బయట ఉన్న కారణాల వల్ల అదనం తీసుకోవచ్చన్నాడు. 1830లో ఫ్రాన్సులోని రెన్ బిషప్పు అడిగితే, చట్టం ఒప్పుకున్న మితమైన వడ్డీ తీసుకునేవాళ్ళని పాపసంకీర్తనంలో ఇబ్బంది పెట్టొద్దని రోము జవాబిచ్చింది. 1917 చర్చి చట్టం 1543వ నియమం కూడా ఉత్త అప్పు మీద లాభం కుదరదు అంటూనే చట్టబద్ధమైన వడ్డీకి ఒప్పుకుంది.

నల్లమల
"రద్దు చెయ్యలేదు" అన్నది కాగితం మీద నిజం. 1312లో ఏ మాట అంటే మతద్రోహం అయ్యేదో, దాదాపు ఆ పనే చేసేవాడిని 1830లో కదిలించొద్దన్నారు. దీన్ని మార్పు అనకపోతే ఇంక దేన్ని అంటారు?

శాస్త్రచర్చ
1312లో ఖండించింది ఏ కారణమూ లేకుండా ఉత్త అప్పు మీద తీసుకునే లాభాన్ని. 1830 నాటికి ప్రతి రూపాయీ ఎక్కడో ఒకచోట పెట్టుబడి అయ్యే అవకాశం ఉంది. ఒలివి చెప్పిన కారణం అప్పుడు కొందరు వర్తకులది, ఇప్పుడు అందరిదీ. మారింది డబ్బు పని.

వేగుచుక్క
అలాగైతే పంట పోయి, తిండిగింజల కోసం అప్పు చేసేవాడి విషయంలో పాత తీర్పు ఇంకా అమల్లో ఉన్నట్టే కదా? ఆ అప్పు పెట్టుబడి కాదు, తినేసే అప్పు.

శాస్త్రచర్చ
అడిగేవాడి అవసరాన్ని బట్టి కాదు, ఇచ్చేవాడి నష్టాన్ని బట్టి చూస్తారు. ఆ డబ్బు ఇంకోచోట పెట్టి సంపాదించేవాడైతే ఆ మేరకి అడగొచ్చు. దాని మీద ఒక్క పైసా ఎక్కువైనా అది అక్వినాస్ చెప్పిన పాపమే, తిరిగివ్వాల్సిందే.

వేగుచుక్క
అయితే మూడు రూపాయల వడ్డీ, అయిదు రూపాయల వడ్డీ తీసుకునేవాళ్ళ ఖాతా పుస్తకాలు తియ్యాల్సిన రోజు ఇంకా ఉందన్నమాట.